పుట్టగొడుగులకి కూడా వైరస్ వస్తుందా? అలాంటివి తింటే మనకేమైనా అవుతుందా?

తింటే ఏం కాదండి, ఆ వైరస్ మనకి అంటేది కాదు, శుభ్రంగా కూర వండుకోండి. ఇక వస్తుందా అంటే, బ్రహ్మాండంగా వస్తుంది.

నేను కొన్నేళ్లు హైదరాబాద్ అవతల ఒక బటన్ మష్రూమ్ యూనిట్‌లో పనిచేశా. ఒకసారి ఒక రూమ్‌లో పంట చూస్తే మతిపోయింది. ర్యాకుల మీద అక్కడక్కడ అసలేం మొలవకుండా ఖాళీలు, ఆ ఖాళీల అంచున వచ్చినవేమో కాడ సన్నగా పొడుగ్గా ఒక పక్కకి వాలిపోయి, పైన తల మాత్రం చొక్కా గుండీ అంత. మామూలుగా కోసేటప్పుడు కాస్త మెలి తిప్పాలి కదా, ఇవి వేలు తగిలితే చాలు కేసింగ్ మట్టి (కంపోస్ట్ మీద పరిచే పొర) లోంచి ఊడొచ్చేసేవి. పైగా చిన్నగా ఉండగానే గొడుగు విచ్చేసుకోవడం. ఓనర్ కంపోస్ట్ వాళ్ల మీద ఎగరడం, వాళ్లు స్పాన్ (అంటే పుట్టగొడుగు విత్తనం) బాలేదనడం, స్పాన్ అమ్మినాయన ఫోన్ ఎత్తడు. మా సూపర్‌వైజర్ సోనీపత్ ఆయన, నాలుగు పీకి చూసి వైరస్ అని తేల్చేసి, ముందు విచ్చుకున్నవన్నీ తీసెయ్యమన్నాడు. ల్యాబ్‌కి ఎవరూ పంపలేదు, నన్నడిగితే అక్కర్లేదు కూడా, అది వైరస్సే.

దీన్ని లా ఫ్రాన్స్ జబ్బు అంటారు, 1940ల చివర్లో పెన్సిల్వేనియాలో ఆ ఇంటిపేరున్న అన్నదమ్ముల ఫారంలో బయటపడింది. వైరస్ వల్లే అని 1962లో ఇంగ్లండ్‌లో హోలింగ్స్ అనే సైంటిస్ట్ చూపించాడు. ఇది జలుబులా విడిగా గాల్లో తిరగదు. పుట్టగొడుగు కూడా ఫంగసే, కంపోస్ట్‌లో దారాల్లా అల్లుకుంటుంది. అలాంటి రెండు ఫంగస్ దారాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినప్పుడు అటు నుంచి ఇటు పోతుంది, లేదంటే స్పోర్లలో, అంటే గొడుగు కింద నుంచి రాలే విత్తనాల్లాంటి పొడిలో, కూర్చుని వెళ్తుంది. గొడుగు విచ్చితే రాలేది కోట్ల స్పోర్లు, అవి పక్క రూమ్‌లో కొత్తగా స్పాన్ కలిపిన కంపోస్ట్ మీద పడి మొలిచి మంచి దారాలతో కలిశాయా, ఆ బ్యాచ్ పోయినట్టే. అందుకే విచ్చకముందే కోసెయ్యమనేది. మందు లేదు దీనికి. పంట అయ్యాక రూమ్‌ని కంపోస్ట్‌తో సహా 70 డిగ్రీల దగ్గర 12 గంటలు ఆవిరి పట్టాలి. మా ఓనర్ డీజిల్ దండగని అదే ఎగ్గొట్టేవాడు, మళ్లీ మళ్లీ అదే గోల. "ఒక్క గదిలో నెలకి లక్ష" అని ఊదరగొట్టే యూట్యూబ్ వాళ్లు ఆవిరి మాట ఎత్తగా నేనైతే వినలేదు.

అయితే వైరస్ అనగానే తిట్టుకోకండి. మనం పెంచే ఫంగస్‌కి వస్తే నష్టం, మనల్ని ముంచే ఫంగస్‌కి వస్తే పండగే. 1904లో న్యూయార్క్ జూలో చెస్ట్‌నట్ చెట్లకి పుండ్లు పట్టించిన ఫంగస్, తర్వాత అమెరికాలో వందల కోట్ల చెట్లని తినేసింది. అదే ఇటలీకి వచ్చాక 1950ల్లో బిరాగి అనే ఆయన కొన్ని చెట్లకి పుండ్లు వాటంతటవే మానడం చూశాడు. చూస్తే అక్కడి ఫంగస్‌కే వైరస్ పట్టి నీరసించిపోయింది! ఫ్రాన్స్‌లో ఆ నీరసపు ఫంగస్‌నే పెంచి పుండ్ల చుట్టూ పూసి చెట్లని నిలబెట్టుకున్నారు. అమెరికాలో మాత్రం పెద్దగా పారలేదు, అక్కడి ఫంగస్‌లో ఒకదాంతో ఒకటి కలవని రకాలు మరీ ఎక్కువ, కలవకపోతే వైరస్ దాటదు కదా. మన వరి అగ్గితెగులు ఫంగస్‌లో కూడా వైరస్‌లు దొరికాయి, ఇక్కడ మాత్రం షాపుకెళ్తే చేతిలో మందు డబ్బా పెట్టడం తప్ప ఇలాంటి మాటే ఉండదు.

అన్నట్టు, మీరూ పుట్టగొడుగులు పెంచుతుంటే, బ్యాగుల్లో కనిపించేది పచ్చ బూజైతే అది వైరస్ కాదు, ట్రైకోడెర్మా అనే వేరే ఫంగస్. మూతి విప్పకుండా అలాగే తీసుకెళ్లి షెడ్‌కి దూరంగా పూడ్చెయ్యండి.