ఆర్ద్ర వెలుగు, ఒక 'సరిగ్గా'

మిత్రమా,

మీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం హాయిగా నడిచింది. అయితే మూడో పేరాలో 'ఆర్ద్రా నక్షత్రం సూర్యుని కన్నా సరిగ్గా 1,26,000 రెట్లు ప్రకాశవంతమైనది' అని చదవగానే చిరాకు వేసి, 'సరిగ్గా' కింద ఎర్రగీత గీశాను. ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే.

నక్షత్రపు అసలు వెలుగును నేరుగా కొలిచే సాధనం లేదు. టెలిస్కోపుకు అమర్చిన సీసీడీ (కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే చిప్) తనను చేరిన కాంతిని నమోదు చేస్తుంది. దాన్ని ప్రామాణిక నక్షత్రాలతో పోల్చి, మన వాతావరణం మింగేసిన వాటాను సరిచేసి, కనిపించే వెలుగు ఎంతో తేలుస్తారు. ఈ పనిని ఒక శాతం కచ్చితత్వంతో కూడా చేయగలరు. చిక్కంతా దూరంతోనే. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక దూరంలో 10 శాతం పొరపాటు దొర్లితే అసలు వెలుగులో దాదాపు 20 శాతం తప్పు వస్తుంది.

దూరానికి మూలాధారం పారలాక్స్: భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించే కోణం. అది ఎంత చిన్నదైతే నక్షత్రం అంత దూరం. 1838లో ఖగోళవేత్త బెస్సెల్ 61 సిగ్నీ అనే నక్షత్రానికి కొలిచిన కోణం ఆర్క్‌సెకనులో (డిగ్రీలో 3,600వ వంతు) మూడో వంతు కన్నా తక్కువ. ఆర్ద్ర కోణం అంతకన్నా ఎంతో చిన్నది. ఆకాశంలో ఆర్ద్ర బింబపు వెడల్పే ఆ కోణానికి అనేక రెట్లు ఉంటుంది. పైగా ఉపరితలం మరుగుతూ ఉండడం వల్ల వెలుగు కేంద్రం అటూ ఇటూ జరుగుతుంది. 2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహం కోట్లాది నక్షత్రాలను కొలిచింది కానీ, ఇంత మెరిసే ఆర్ద్ర దాని మామూలు కొలతలకు లొంగదు. అందుకే అంచనాలు సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య ఊగుతుంటాయి. ఈ రెండు కొసలనూ వర్గం చేసి చూడండి: అసలు వెలుగు దాదాపు రెట్టింపు అవుతుంది. ఇక 'సరిగ్గా'కు చోటెక్కడ?

నక్షత్రాల మధ్య ధూళి వెలుగును మసకబారుస్తుందని 1930లో ఖగోళవేత్త ట్రంప్లర్ నిరూపించాడు. ఆ దిద్దుబాటు మీ లెక్కలో ఉందా? ఆర్ద్ర శక్తిలో అధిక భాగం పరారుణంలో వెలువడుతుంది కనుక, మీరు పోల్చింది కంటికి కనిపించే వెలుగునా, అన్ని తరంగదైర్ఘ్యాల మొత్తాన్నా అన్నది కూడా చెప్పాలి. సూర్యుని వైపు ఇబ్బంది లేదు. 2015లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 3.828 × 10²⁶ వాట్లను ప్రామాణిక విలువగా స్థిరపరిచింది.

నా తొలిరోజుల్లో నక్షత్రాల దూరాల మీద ఒక పత్రికకు వ్యాసం పంపితే, సంపాదకుడు నా 'సుమారు'లన్నీ కొట్టేసి, పాఠకుడికి అనుమానాలు అంటగట్టకూడదన్నారు. తరువాతి వ్యాసంలో కొత్త అంకె వేశాను. రెండూ పొసగడం లేదని ఒక పాఠకుడు నిలదీసినప్పుడు జవాబు చెప్పుకోవలసి వచ్చింది మాత్రం నేనే. ఇప్పుడు శీర్షికలో పెద్ద అంకె లేకపోతే వ్యాసమే చూడరట!

వ్యాసాలను పుస్తకంగా వేయడం గురించి అడిగారు. ఆ సంగతి మరోసారి. ముందు ఆ 1,26,000 వెనుక ఎంత దూరం తీసుకున్నారో, ఎవరి కొలత నుంచి తీసుకున్నారో రాసి పంపండి.