కీళ్లవాతం ఉంటే నడక మానేయాలా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. ఖమ్మంలో టీచరుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని చెప్పారు. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటున్నాను. ఉదయం అరగంట సేపు చేతివేళ్లు బిగుసుకుపోయి, తర్వాత సర్దుకుంటాయి. నడిస్తే కీళ్లు అరిగిపోతాయని ఇంట్లోవాళ్లు అనడంతో ఆరు నెలలుగా వాకింగ్ మానేశాను. బరువు పెరిగాను, నీరసంగా ఉంటోంది. నడవవచ్చా? యోగా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు నిరభ్యంతరంగా నడవవచ్చు. మీవాళ్లు భయపడుతున్నది పెద్దవయసులో వచ్చే మోకీళ్ల అరుగుదలను చూసి కావచ్చు. (అరుగుదల ఉన్నవారికి కూడా మేం నడవమనే చెబుతాం.) మీ జబ్బులో మన రక్షణ వ్యవస్థే పొరబడి కీలు లోపలి పొరపై దాడి చేస్తుంది, ఆ పొర వాచి, వాపు అదుపులో లేకపోతే క్రమంగా మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. ఆ వాపును తగ్గించే పని మందులది కాబట్టి, వ్యాయామం మొదలుపెట్టాం కదా అని వాటిని మానకూడదు.

కదలిక తగ్గితే కీలుకు ఆసరాగా ఉండే కండరాలు బలహీనపడతాయి. పైగా ఈ జబ్బు ఉన్నవారికి గుండెజబ్బు, ఎముకలు గుల్లబారడం వంటి ముప్పులు మామూలు వాళ్లకంటే ఎక్కువ. నెదర్లాండ్స్‌లో సుమారు 300 మంది రోగులతో రెండేళ్లపాటు సాగి, 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, గట్టి వ్యాయామం చేసినవారి శారీరక సామర్థ్యం మెరుగుపడింది, పెద్ద కీళ్లకు అదనపు నష్టం కనిపించలేదు. అప్పటికే బాగా దెబ్బతిన్న కీళ్లున్నవారి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమని తేలింది. అందుకే మోకాలు, తుంటి, భుజం ఎలా ఉన్నాయో మీ రుమటాలజిస్టును ముందుగా అడగండి. నీరసానికి రక్తహీనత కూడా కారణం కావచ్చు, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఉదయం బిగుసుకుపోయిన కీళ్లతో బయల్దేరకుండా, గోరువెచ్చని నీటిలో చేతులు ముంచి వేళ్లను నెమ్మదిగా ముడుస్తూ చాపుతూ ఉండండి. నడకను సాయంత్రానికి పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ఆరు నెలల విరామం తర్వాత కాబట్టి పది నిమిషాలతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులకు పెంచండి. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం చాలు. నడిచాక కాస్త నొప్పి ఉండటం సహజమే. అది రెండు గంటలు దాటినా, మర్నాడు కీలు వాచినా ఆ రోజు మోతాదు మించిందని గ్రహించి, తగ్గించుకోండి. పూర్తిగా మానేయకండి.

యోగాలో ప్రాణాయామం, కుర్చీలో కూర్చుని చేసే ఆసనాలు మంచివే. సూర్యనమస్కారాల్లో బరువు మణికట్టు మీద పడుతుంది కనుక మీకు తగవు. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం మాత్రం వద్దేవద్దు. ఈ జబ్బు కొందరిలో మెడ పైభాగపు వెన్నుపూసలను పట్టి ఉంచే కణజాలాన్ని వదులు చేస్తుంది, అక్కడ ఒత్తిడి పడితే వెన్నుపాముకే ప్రమాదం. మెడనొప్పితోపాటు చేతుల్లో తిమ్మిర్లు వస్తుంటే యోగా ఆపి, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఏదైనా కీలు ఎర్రబడి, వేడిగా వాచినప్పుడు దాన్ని మాత్రమే విశ్రాంతిగా ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. రోజుకు ఒకటిరెండుసార్లు మెల్లగా కదిలించండి. వాపు వారం దాటినా, మరిన్ని కీళ్లకు పాకినా మందులు మార్చాల్సి రావచ్చు. జ్వరంతో ఒకే కీలు హఠాత్తుగా వాస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు కాబట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.