గుట్ట మీది బోదగడ్డి

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద నడుమెత్తు దుబ్బులుగా ఒక గడ్డి పెరుగుతుంది. ఆకు నలిపితే నిమ్మవాసన వస్తుంది, చలికాలానికి ఎర్రబారుతుంది. పెద్దలు బోద అంటారు. ఇది టీలో వేసుకునే నిమ్మగడ్డేనా? దేనికి పనికివస్తుంది? జీవాలు కాచేవారు వేసవిలో దీనికి నిప్పు పెట్టడం మంచిదేనా?
– ఒక రైతు, కల్యాణదుర్గం

జవాబు: మీ వర్ణనను బట్టి అది బోదగడ్డే. శాస్త్రీయ నామం సింబోపోగాన్ కలరేటస్. పెరట్లో పెంచే నిమ్మగడ్డి దీనికి దాయాదే గాని అరుదుగా పూస్తుంది. గుట్ట మీది బోద మాత్రం ఏటా కంకి వేస్తుంది. కంకిని దగ్గరగా చూస్తే చిన్న వెన్నులు జంటలు జంటలుగా ఉండి, ఒక్కొక్క జంట కింద పడవ ఆకారపు రేకు కనిపిస్తుంది. ఆ రేకులు ఎర్రబడటం వల్లనే దూరానికి దుబ్బంతా ఎర్రగా తోస్తుంది. ఆకు మొదలు వెడల్పుగా ఉండి కాడను చుట్టుకున్నట్లుంటే అది పామరోజా అనే సుగంధ నూనె తీసే సింబోపోగాన్ మార్టిని కావచ్చు. అదే గుట్ట మీద నల్లని మొనలు మెలివేసుకొని, బట్టలకూ గొర్రెల ఉన్నికీ గుచ్చుకునే గడ్డి కూడా ఉంటుంది. అది హెటిరోపోగాన్ కంటార్టస్, దానికి ఈ వాసన ఉండదు. తేల్చుకోవాలంటే కంకితో సహా ఒక దుబ్బును అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి చూపించండి. అంతవరకూ టీలో వేయకండి.

మన సీమలో బోదకు అసలు విలువ కొట్టం కప్పులోనే ఉంది. గింజ రాలి, కాడ ఎండిన తరువాత కోసి, మోపులు కట్టి, వాసాల మీద సూరు నుండి పైకి వరుస మీద వరుసగా పరిచి, వాలు ఎక్కువగా ఉంచితే వాన నీరు నిలవకుండా జారిపోతుంది. రేకుల కప్పు కింద ఉడికిపోయే పశువులకు అటువంటి నీడ ఎంత హాయో మీకు చెప్పనక్కరలేదు. మేతగా మాత్రం లేత చిగురు తప్ప దీనిని నమ్ముకోలేము. ముదిరితే వాసనకు పశువులు ముట్టవు.

నిప్పు పెట్టేది ఆ చిగురు కోసమే. ఏళ్ళ తరబడి బతికే గడ్డి (బహువార్షికం) కనుక పైభాగం కాలినా తొలి వానకు మొదలు నుండి మళ్ళీ పిలకలు వస్తాయి. కాని ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కొద్దిరోజులలోనే కుమ్మరించే జిల్లాలో, కాలి బోడిబారిన వాలు మీద మట్టి నిలవదు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గూళ్ళూ కాలిపోతాయి. తగలబెట్టడానికి బదులు కోసుకోవడమే మేలని నా అభిప్రాయం. వానలు మొదలయ్యాక ముదురు దుబ్బును పిలకలుగా చీల్చి చేని గట్ల మీద దగ్గర దగ్గరగా నాటితే, రెండు మూడేళ్ళలో వేళ్ళు అల్లుకొని గట్టు తెగకుండా ఆపుతాయి.