పెద్దవాళ్లతో నడవాలంటే నేను చెప్పే దారి: అప్పర్ స్లాటర్ నుంచి బోర్టన్ దాకా

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నలు జూన్‌లో వస్తున్నారు, లండన్ చూపించాక ఇంగ్లండ్ పల్లెటూళ్లు చూపించాలి, కారు లేదు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఒక పాత ఊరి నుంచి ఇంకో పాత ఊరికి తాపీగా నడిచే దారి కావాలి.

మూడేళ్ల కిందట మావాళ్లు వచ్చినప్పుడు నేనూ ఇదే వెతుక్కున్నాను. మాది పిడుగురాళ్ల దగ్గర పల్లె, నాన్నది వ్యవసాయం. లండన్‌లో నాలుగు రోజులు తిప్పేసరికి ఆయనకి మొహం మొత్తింది. "ఈ దేశంలో చేలుండవా?" అన్నాడు. అప్పుడు తీసుకెళ్లిన దారే మీకూ చెప్తున్నాను. కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలో అప్పర్ స్లాటర్ నుంచి లోయర్ స్లాటర్ మీదుగా బోర్టన్ ఆన్ ద వాటర్ దాకా, మూడున్నర కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పేరు చూసి కంగారు పడకండి. వధకీ ఈ స్లాటర్‌కీ సంబంధం లేదు, బురద నేల అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందంటారు.

లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే గంటన్నర పైచిలుకులో మోర్టన్ ఇన్ మార్ష్. అక్కడినుంచి స్టో అనే ఊరి మీదుగా బోర్టన్‌కి 801 బస్సు ఉంటుంది. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, బస్సులు బాగా తక్కువ.

చాలామంది బోర్టన్‌లో మొదలుపెట్టి అప్పర్ స్లాటర్ దాకా నడిచి, మళ్లీ అదే దారిన వెనక్కొస్తారు. అంటే ఏడు కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది ఎక్కువ. మీరు తిరగేసి చేయండి. బోర్టన్‌లో ముందుగా చెప్పిపెట్టుకున్న టాక్సీలో అప్పర్ స్లాటర్ వెళ్లి దిగండి, అక్కడినుంచి ఐ అనే చిన్న ఏటి వెంబడి కిందికి నడవండి. నీళ్లు పారే వైపే మీరూ పోతారు గనక ఎక్కడం తక్కువ. అలసిపోయే వేళకి బోర్టన్ వస్తుంది, అక్కడ కూర్చోడానికి బల్లలు, టీ, టాయిలెట్లు, బస్సు అన్నీ ఉన్నాయి. పై రెండు ఊళ్లలో పబ్లిక్ టాయిలెట్ నాకు కనపడలేదు, పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

టాక్సీ ఎక్కే ముందు బోర్టన్‌లో ఓ పావుగంట ఆగండి. విండ్‌రష్ ఏరు, దాని మీద మోకాలెత్తు రాతి వంతెనలు, గట్టున పచ్చిక. అందంగానే ఉంటుంది గానీ వేసవిలో జనం తిరునాళ్లే. ఆ పచ్చిక మీద యుద్ధాల్లో చనిపోయిన ఆ ఊరివాళ్ల స్మారకం ఉంది. దాన్ని తప్పకుండా చూపించండి, ఎందుకో చెప్తాను.

ఇంగ్లండ్‌లో దాదాపు ఏ పల్లెకెళ్లినా ఇలాంటి రాయి ఒకటి కనిపిస్తుంది. అప్పర్ స్లాటర్‌లో అలాంటిది లేదు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరినుంచి వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చారు. 1944 ఫిబ్రవరిలో ఊరి మీదే బాంబులు పడ్డాయి, అప్పుడూ ఎవరూ పోలేదు. దేశం మొత్తంలో ఇలాంటి ఊళ్లు చాలా కొద్ది. ఇది చెప్పినప్పుడు మా అమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "అందరూ ఇంటికొచ్చారా?" అని రెండుసార్లు అడిగింది. పొద్దున బోర్టన్‌లో ఆ రాయి మీద ఒకే ఇంటిపేరున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారేమోనని వేలు పెట్టి వెతికింది కూడా ఆవిడే. ముందు అది చూసి ఉండబట్టే ఇక్కడ ఆ మాట అంత తగిలింది.

ఆ ఊళ్లోనే చిన్న కూడలి చుట్టూ ఉన్న కొన్ని ఇళ్లని 1906లో తీర్చిదిద్దింది ఎడ్విన్ లుట్యెన్స్. తర్వాత ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన ఆయనే. ఇక్కడ పెంకుటిళ్లంత ఇళ్లు, అక్కడ అంత పెద్ద భవనం, రెంటికీ మనిషి ఒకడే.

ఇక రాయి గురించి. ఇళ్లు, గుడి, చేల మధ్య గోడలు అన్నీ తేనె రంగు రాయే. నాన్న ఒక గోడ దగ్గర ఆగి గోటితో గీకి చూసి "ఇది సున్నపురాయేరా" అన్నాడు. పిడుగురాళ్ల మనిషి సున్నపురాయిని గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు! కళ్లకి దగ్గరగా పెట్టి చూస్తే గసగసాలు పోసినట్టు సన్నటి గుండ్రటి రేణువులు కనపడతాయి. ఒకప్పుడు వెచ్చటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్న రాయి ఇది. అందులో ఇనుము ఉండటం వల్లే ఆ రంగు. చేల మధ్య గోడల్లో మట్టీ సున్నం ఏమీ వాడలేదు. రెండు వైపులా రాళ్లు పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు కూరి, పైన రాళ్లని నిలువుగా నిలబెట్టారు. ఆయన ఆ పేర్పు చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాడు. తొందరపెట్టలేదు నేను, మీరూ పెట్టకండి.

ఊరు దాటగానే గొర్రెల మేతభూమిలోకి గేటు వస్తుంది. కిస్సింగ్ గేట్ అంటారు. సగం గుండ్రటి కంచెలో ఊగే తలుపు, ఒక్కొక్కరే దూరాలి, గొర్రెలు మాత్రం దాటలేవు. నాన్న అక్కడ ఆగిపోయాడు. "ఎవరి చేలో పడి పోతన్నాం రా? అడిగావా?" అడగక్కర్లేదని చెప్తే నమ్మలేదు. గేటు స్తంభానికున్న పసుపు బాణం చూపించాను. భూమి రైతుదే, కానీ ఆ కాలిబాట మీద నడిచే హక్కు అందరిదీ. 1949లో వచ్చిన చట్టంతో కౌంటీలన్నీ (మన జిల్లాల్లాంటివి) ఇలాంటి బాటల్ని పటాల మీదికి ఎక్కించాలి. పసుపు బాణం నడిచేవాళ్లకి, నీలం బాణం గుర్రాలకీ సైకిళ్లకీ కూడా. చేనుకు అడ్డంగా పోయే బాటని రైతు దున్నినా, మామూలుగా పద్నాలుగు రోజుల్లోపు కనీసం ఒక మీటరు వెడల్పున మళ్లీ వేసివ్వాలి. తర్వాతి వారం చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే ఇంకో ఊరి దగ్గర గోధుమ చేలో అలా వదిలిన బాట చూశాక గానీ ఆయనకి నమ్మకం కుదరలేదు. మా ఊళ్లో ఆయన చిన్నప్పుడు రెండు బళ్లు పక్కపక్కన పోయిన డొంక ఇప్పుడు సగానికి పైగా చేలల్లో కలిసిపోయింది. ఆ సాయంత్రమంతా దాని గురించే మాట్లాడాడు. నాకు ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ బాటలే. కోటలకీ మ్యూజియాలకీ టికెట్లున్నాయి, వీటికి లేవు.

లోయర్ స్లాటర్‌లో ఏరు ఇళ్ల ముందే పారుతుంది. ఎర్ర ఇటుక గొట్టం ఉన్న మిల్లు, దాని పక్కన నీటి చక్రం కనిపిస్తాయి. ఇప్పుడున్న కట్టడం పంతొమ్మిదో శతాబ్దిదే గానీ, ఇక్కడ పిండిమర ఉన్నట్టు 1086లో రాజు రాయించిన డూమ్స్‌డే అనే భూముల లెక్కల్లోనే ఉంది. పులిహోర పొట్లాలు విప్పుకోడానికి ఏటి గట్టు బాగుంటుంది. అక్కడినుంచి బోర్టన్‌కి బాట దాదాపు చదును. చివర్లో ఏ429 రోడ్డు దాటాలి. ఇది రోమన్లు వేసిన ఫాస్ వే, లింకన్ నుంచి ఎక్సిటర్ దాకా దాదాపు గీత గీసినట్టు పోతుంది. కార్లు వేగంగా వస్తాయి, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని దాటించండి.

కొన్ని జాగ్రత్తలు. నేను మొదట ఫిబ్రవరిలో ఒక్కణ్ణే వెళ్లి చీలమండల దాకా బురదలో దిగబడ్డాను. జూన్‌లో ఆ బాధ తక్కువ, అయినా వాన పడిన మర్నాడు చెప్పులతో వద్దు, బూట్లే వేయించండి. కంచె ఎక్కి దిగే చెక్క మెట్లు ఈ దారిలో మాకు తగల్లేదు, అమ్మ చీరతోనే హాయిగా నడిచింది. బాట పక్కన రంపపు పళ్ల ఆకులున్న మొక్కలు తగిలితే ఒళ్లు మండుతుంది, మన దురదగొండి లాగే. దూడలతో ఆవులుంటే వాటి మధ్యలోంచి పోకుండా దూరంగా చుట్టి వెళ్లండి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసి ఉంటే మూసెయ్యాలి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా ఆర్డినెన్స్ సర్వే అనే ప్రభుత్వ పటాల సంస్థ వాళ్ల ఓఎల్45 పటం కొనుక్కోండి, కాలిబాటలన్నీ ఆకుపచ్చ చుక్కగీతలుగా ఉంటాయి.

రెండో రోజు ఓపికుంటే చిప్పింగ్ క్యాంప్‌డెన్ నుంచి బ్రాడ్ క్యాంప్‌డెన్‌కి ఒక మైలు నడక. 1627 నాటి మార్కెట్ హాల్, ఉన్ని వ్యాపారం డబ్బుతో పెరిగిన గుడి చూడొచ్చు. బిబరీ అనే ఊరి గురించి అందరూ చెప్తారు గానీ ఆ జనంలో పెద్దవాళ్లకి ఇబ్బందే, నేనైతే వద్దంటాను.

జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, చీకటి భయం లేదు. బస్సులు మాత్రం అంతసేపు ఉండవు. బోర్టన్‌లో దిగగానే స్టాపులో ఉన్న టైముల బోర్డుని ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి, చివరి బస్సు కాకుండా దాని ముందు బస్సుకి తిరగండి.