పీకేయూ ఉన్న పాపకు పప్పు, పాలు మాన్పిస్తే నిజంగా ఫలితం ఉంటుందా?

ప్రొద్దుటూరు నుంచి అడిగిన చెల్లికి. నెలల పాపకు ఫినైల్‌కీటోన్యూరియా, అంటే పీకేయూ అని తేలిందన్నావు. డాక్టరు ప్రత్యేకమైన పాలపొడి రాసిచ్చారు. పుట్టుకతో వచ్చిన జబ్బు తిండి మారిస్తే ఎట్లా తగ్గుతుందని నీ అనుమానం. బిడ్డను మాడుస్తున్నావని ఇంట్లో పెద్దవాళ్ల గోల. మాది అనంతపురం, మా బాబుకూ ఇదే జబ్బు. వాడిప్పుడు బడికి పోతున్నాడు, ఎక్కాలు అప్పజెబుతున్నాడు. అందుకే ధైర్యంగా రాస్తున్నా.

జబ్బు తగ్గదమ్మా, అది జన్యువులో ఉంది. మనం ఆపగలిగేది అది చేసే నష్టాన్ని. మనం తినే ప్రతి ప్రొటీన్‌లోనూ ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని టైరోసిన్‌గా మారుస్తుంది. మన పిల్లల్లో ఆ ఎంజైము పనిచేయదు. మారకుండా మిగిలిన ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుపోయి, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. నోటి నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తే పేరుకునేదే ఉండదు.

ఈ జబ్బును 1934లో నార్వే డాక్టరు ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ కనిపెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దీనికి చేయగలిగింది ఏమీ లేదనే అనుకున్నారు. 1951లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి షీలా అనే రెండేళ్ల పాపను తల్లి తీసుకొచ్చింది. పాప నిలబడలేదు, నడవలేదు, ఎప్పుడూ ఏడుస్తూ తల కొట్టుకునేది. మందు లేదన్నా తల్లి వదల్లేదు. రోజూ పొద్దున్నే వచ్చి, నా బిడ్డకు ఏదైనా చేయండని హోర్స్ట్ బికెల్ అనే డాక్టరును అడిగేది. ఆయన తన సహచరులతో కలిసి పాల ప్రొటీన్‌ను విడగొట్టి, బొగ్గుపొడితో అందులోని ఫినైల్‌అలనిన్ తీసేసి, ఆ పాపకు ఆహారం తయారుచేశారు. కొన్ని నెలల్లో పాప పాకింది, నిలబడింది, ఏడుపు తగ్గింది. ఇది తిండి మహిమేనా అని తేల్చుకోవడానికి, తల్లికి చెప్పకుండా అదే ఆహారంలో మళ్లీ ఫినైల్‌అలనిన్ కలిపారు. గంటల్లోనే పాప మళ్లీ దిగజారింది. తల్లికి చెప్పకుండా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఈ ఆహారం పనిచేస్తుందని అనుమానానికి తావు లేకుండా తేలింది దానితోనే.

అప్పుడే ఇంకో సంగతి కూడా తెలిసింది. ఫినైల్‌అలనిన్ పూర్తిగా మాన్పిస్తే పాప బరువు తగ్గిపోయింది. అది ఒంటికి కొంచెమైనా కావాలి. అందుకే మీ డాక్టరు పాలపొడితో పాటు కొలిచి తల్లిపాలు కూడా ఇమ్మని ఉంటారు. ఎంత అనేది రక్తపరీక్ష చూసి వాళ్లే చెబుతారు. చిన్నపిల్లల రక్తంలో ఫినైల్‌అలనిన్‌ను డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 2 నుంచి 6 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలని చూస్తారు.

అన్నం మొదలుపెట్టాక వంటింట్లో ఒక చిన్న కాటా పెట్టుకో. ఒక గ్రాము ప్రొటీన్‌లో దాదాపు 50 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనిన్ ఉంటుందని లెక్క. మన సీమలో కష్టమంతా చెనిక్కాయలతోనే (వేరుశనగలు). చట్నీలో, తాలింపులో, ఉంటల్లో అన్నిట్లో అవే. 100 గ్రాముల గింజల్లో 25 గ్రాముల దాకా ప్రొటీన్. బియ్యంలో 7, 8 గ్రాములు, రాగుల్లోనూ దాదాపు అంతే. కాబట్టి అన్నమూ సంగటీ కూడా తూచే పెట్టాలి. సగ్గుబియ్యంలో మాత్రం ప్రొటీన్ లేనట్టే. మా ఇంట్లో దానితో ఉప్మా, పాయసం (పాలు లేకుండా, నెయ్యి, బెల్లంతో), వడియాలు చేస్తాం. ఉగ్గాని చేసిన రోజు వాడికి బొరుగులు తూచి, పుట్నాల పొడి వేయకముందే తీసిపెడతాను. సొరకాయ, గుమ్మడికాయ, పండ్లు బాగా ఆదుకుంటాయి. పిల్లాణ్ణి మాడ్చకూడదు. ఆకలితో ఉన్నా, జ్వరమొచ్చినా ఒంట్లోని కండే కరిగి ఫినైల్‌అలనిన్ పెరుగుతుంది. జ్వరం మందు కొనేటప్పుడు అందులో ఆస్పర్టేమ్ అనే తీపి పదార్థం ఉందేమో సీసా మీద చూడు. దాంట్లోనూ ఇదే ఉంటుంది.

మేనరికం వల్లేనని మీ అత్తగారు నిన్ను అంటున్నారని రాశావు. ఈ జబ్బు రావాలంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు రావాలి. మేనరికంలో ఆ అవకాశం పెరిగే మాట నిజమే. కానీ ఇందులో వంతు నీ ఒక్కదానిదే కాదు కదా. రెండో బిడ్డ అనుకుంటే మాత్రం ముందే జన్యు సలహా తీసుకో. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

ఆ పాలపొడి ఖర్చు మామూలుగా ఉండదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ప్రత్యేక ఆహారంతో అదుపు చేసే జబ్బుల జాబితాలో పీకేయూ ఉంది. సాయం కోసం ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో పేరు నమోదు చేయించాలి. మనకు దగ్గరివి హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల సంస్థ) కలిసి నడిపేది, బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి కలిసి నడిపేది. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి పట్టుకుపో.

ఎన్నేళ్లు అని అడిగావు. జీవితాంతం. నీది ఆడబిడ్డ కాబట్టి ఇంకా గట్టిగా చెబుతున్నా. రేపు తను గర్భవతి అయ్యేటప్పుడు రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువగా ఉంటే, కడుపులోని బిడ్డకు ఈ జబ్బు లేకపోయినా మెదడు, గుండె దెబ్బతింటాయి. ఊహ తెలిసే వయసు నుంచే కాటా తన చేతికి ఇవ్వు, తనే తూచుకోవడం నేర్చుకుంటుంది.