హోల్డులో ఫైబర్ కోటింగు: ముక్కుకి తువ్వాలు చాలదు

ప్రశ్న: మాది పాత చెక్క బోటు. హోల్డులో (చేపలు నిల్వచేసే అడుగు గదిలో) పలకల అతుకుల నుంచి నీరు ఊరుతోంది. వేట నిషేధం రోజుల్లో లోపల ఫైబర్ కోటింగు వేద్దామని రెసిన్, దాన్ని త్వరగా గట్టిపరిచే కోబాల్ట్, గట్టిపరిచే హార్డెనర్, గాజుపీచు మ్యాట్ కొన్నాం. కిందటేడు మగ్గులో కలుపుతుండగానే పొగలొచ్చి గట్టిపడిపోయింది. లోపల పనిచేసినవాళ్ళకి తల తిరిగింది. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందా?
– బోటు యజమాని, జాలరిపేట, విశాఖపట్నం

జవాబు: సరిపోదు. తువ్వాలు దుమ్మును కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. ఎన్95 మాస్కూ అంతే. పాలిఎస్టర్ రెసిన్‌లో ఘాటుగా తగిలేది స్టైరీన్. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకై ప్రాణాలు తీసింది ఆ ఆవిరే. మీ డబ్బాలో ఉన్నది కొద్దే అయినా హోల్డులోంచి బయటికి పోయే దారి దానికి లేదు. గాలికంటే మూడున్నర రెట్లు బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది. మనిషి కూర్చుని బ్రష్ వేసేదీ అక్కడే. కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. వాసన తగ్గిందంటే ఆవిరి తగ్గిందని కాదు.

అందుకని బ్లోయర్‌ను డెక్ మీద, రెసిన్ డబ్బాలకు దూరంగా పెట్టి, గొట్టం కొసను హోల్డు అడుగుదాకా దింపి మంచి గాలి ఊదించండి. మామూలు ఫ్యాను లోపల పెట్టవద్దు, ఆవిరి అంటుకోవడానికి దాని నిప్పురవ్వ చాలు. లోపలివాళ్ళకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టే డబ్బీ) ఉన్న మాస్క్ కావాలి. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు. మాస్క్ లోపల వాసన తగిలితే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టే. మాస్క్ గాలిని వడకడుతుంది గాని పుట్టించదు, కాబట్టి బ్లోయర్ ఆగిన మరుక్షణం అందరూ పైకి రావాలి. పైన ఒక మనిషి తప్పనిసరి. లోపల ఎవరైనా పడిపోతే మాత్రం అతనూ దూకకూడదు, ముందు గాలి ఊదించాలి, సాయం పిలవాలి.

ఇక పొగల సంగతి. మన తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే మరమ్మతుల కాలమే మండుటెండల కాలం. ఎండకు తోడు హార్డెనర్ ఎక్కువ పడినా, ఇరుకు మగ్గులో ఎక్కువ సరుకు కలిపినా లోపలి వేడి బయటికి పోక రెసిన్ కాగిపోతుంది. ఒక్కసారికి అరకిలో మించకుండా వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో, ఉదయం తొమ్మిదిలోపు కలపండి. కిలో రెసిన్‌కి హార్డెనర్ 10 గ్రాములు, అంటే సుమారు 9 మి.లీ., సూది లేని సిరంజితో కొలవండి. ఎండ ఎక్కువని అంతకంటే తగ్గిస్తే కోటింగు పచ్చిగానే ఉండిపోతుంది. ట్రే వేడెక్కుతుంటే బయట ఇసుక మీద పెట్టి పలచగా పరచండి, మూత పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం వరుస. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలపాలి, ఆ తరవాతే హార్డెనర్. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గున మండుతాయి, పేలనూవచ్చు. ఒకే కొలత గ్లాసు రెండింటికీ వాడొద్దు, రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టొద్దు. కొన్ని రెసిన్లు కోబాల్ట్ కలిపే వస్తాయి, కొనేటప్పుడే అడగండి. హార్డెనర్ ఒలికితే రంపపుపొట్టు, గుడ్డపీలికలు వేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. ఇసుక వేయండి. కంట్లో చుక్క పడితే చూపే పోవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకోండి. పడితే క్షణం ఆగకుండా కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

స్టైరీన్ ఆవిరి సుమారు 31 డిగ్రీలకే నిప్పందుకుంటుంది. బీడీ, గ్రైండరు, వేలాడే బల్బు అన్నీ దూరం. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంట బోటు నుంచి బోటుకు ఎలా పాకిందో మీకు తెలుసు. మంటలార్పే పౌడర్ సిలిండరు చేతికందేలా ఉంచండి.

ప్రశ్న: మరో రకం రెసిన్ అయిన ఎపాక్సీకి అంత వాసన లేదు కదా, ఉత్తచేతులతో పూయొచ్చా?
– వడ్రంగి, భీమిలి

జవాబు: వద్దు. అది చర్మానికి ఎలర్జీ తెస్తుంది, ఒకసారి వచ్చిందంటే తరవాత కొంచెం తగిలినా దద్దుర్లే. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, అంటితే ఎసిటోన్‌తో కాక సబ్బునీళ్ళతో కడగండి. ఎసిటోన్ దాన్ని చర్మంలోకి ఇంకిస్తుంది. ఎపాక్సీ హార్డెనర్ వేరు, పాలిఎస్టర్ హార్డెనర్‌తో అది గట్టిపడదు. డబ్బా మీద బరువు ప్రకారం ఇచ్చిన నిష్పత్తిని గ్రాములతో తూచే కలపండి. పూర్తిగా గట్టిపడకముందు గరుకు కాగితంతో రుద్దితే (సాండింగ్) ఆ దుమ్ము కూడా ఎలర్జీ తెస్తుంది.