గడియారం ముట్టకు, ప్రోగ్రాముకే తారీఖు మార్చు

నల్లగొండ

బిడ్డా,

మిర్యాలగూడ మిల్లు బిల్లింగ్ ప్రోగ్రాముల మార్చి 31 అర్ధరాత్రి దాటంగనే బిల్లు నంబరు మళ్ల ఒకటి నుంచి మొదలైతదా లేదా చూడాలె, అందుకు కంప్యూటర్ టైమే వెనుకకు తిప్పుతా అని రాసినవ్. తిప్పకు. నెట్ మీద సరైన టైము చెప్పే టైమ్ సర్వర్‌తోని సింకైన మిషన్‌ల తారీఖు మారిస్తే కాసేపటికి అదే సర్దుకుంటది. ఆ సింక్ బందు వెడితే బ్రౌజర్‌ల సర్టిఫికెట్ చెల్లదని సైట్లు తెరుచుకోవు, రాత్రి నడిచే బ్యాకప్ దారి తప్పుతది. అన్నిటికన్న పెద్ద నష్టం వేరే ఉన్నది: అదే మిషన్ మీద ఎవరన్న అసలు బిల్లు కొడుతుంటే దాని మీద పాత తారీఖు పడ్తది.

విండోస్ అసోంటిదే ఇంకో సిస్టమైన లినక్స్‌ల దీనికి ఫేక్‌టైమ్ అనే చిన్న ప్రోగ్రాము ఉన్నది. నువ్వు చెప్పిన ఒక్క ప్రోగ్రాముకే అది వేరే టైము చూపిస్తది, తక్కిన మిషన్‌కు తెల్వనే తెల్వదు. ప్రోగ్రాముకు టైము కావాల్నంటే సి లైబ్రరీని, అంటే ప్రోగ్రాములు పంచుకొని వాడే కోడ్ మూటను, అడుగుతది గదా, ఎల్‌డీ ప్రీలోడ్ అనే సెట్టింగు (వేరియబుల్) వల్ల ఫేక్‌టైమ్ సొంత లైబ్రరీ లిబ్‌ఫేక్‌టైమ్ ముందుగాలనే లోడై, నడుమ కూసుండి జవాబు మార్చి ఇస్తది. ఈ ముచ్చట మనసుల పెట్టుకుంటే ఎక్కడ పని చెయ్యదో కూడ నీకే తోస్తది.

ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలల్ల, కమాండ్లు కొట్టే టెర్మినల్ విండో తెరిచి ఈ మాటలు ఇంగ్లీషు చిన్న అక్షరాలల్ల, మాటకు మాటకు ఒక ఖాళీ ఇచ్చి కొట్టు: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫేక్‌టైమ్. అయినంక ముందు పరీక్ష:

ఫేక్‌టైమ్ '2025-03-31 23:58:00' డేట్

మార్చి 31 రాత్రి 11:58 చూపించాలె. వెంటనే ఉట్టి డేట్ కొట్టు, ఇయ్యాల్టి తారీఖే రావాలె. రెండూ సరిగ్గ వస్తేనే ముందుకు పో. తారీఖు ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసల్నే రాయి. మనం రాసే రోజు-నెల వరుస దానికి వేరే అర్థమైతది. ఇట్ల ఇచ్చిన టైము నడుస్తనే ఉంటది, అంటే రెండు నిమిషాలల్ల అర్ధరాత్రి దాటుతది, నీకు కావాల్సింది అదే. టైము ఒక్క కాడ ఆగిపోవాల్నంటే తారీఖు ముంగట మైనస్ ఎఫ్ పెట్టు.

ఇగ మెనూల ఐకన్ కావాల్నంటే, యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద అప్లికేషన్స్ ఫోల్డర్‌ల ఉన్న ఆ ప్రోగ్రాము డెస్క్‌టాప్ ఫైలును (ఐకన్ పేరు, అది నడిపే కమాండు రాసి ఉండేది) నీ హోమ్ కింది డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లకు వేరే పేరుతోని కాపీ చెయ్యి. పాత పేరే ఉంచితే అసలు ఐకన్ మరుగున పడ్తది. నేమ్ అన్న లైన్‌ల "పరీక్ష – మార్చి 31" అని పెట్టు, ఎగ్జెక్ లైన్‌ల కమాండుకు ముందు ఫేక్‌టైమ్, తారీఖు చేర్చు. టెర్మినల్‌ల ఒంటి కోట్ నడుస్తది, ఈ ఫైలుల మాత్రం జంట కోట్‌లే పెట్టాలె. డీబస్ యాక్టివేటబుల్ ట్రూ అని లైనుంటే తీసెయ్యి, లేకుంటే ఎగ్జెక్ లైను పక్కకే పోతది.

పని చెయ్యకుంటే ఇవి చూడు. ప్రోగ్రాము ముందే తెరిచి ఉంటే కొత్తగ నొక్కినా పాతదే ముంగటికొస్తది, టైము మారదు. అన్ని విండోలు మూసి, ప్రాసెస్ కూడ పోయిందా చూసుకొని మళ్ల తెరువు. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీలుగ వచ్చే యాప్‌లకు వాటి గూడు వేరే, ఈ లైబ్రరీ అక్కడికి చేరదు. ఉబుంటుల 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గనే వస్తది, బ్రౌజర్‌ల నడిచే ప్రోగ్రామైతే ఇది గుర్తుంచుకో. స్టాటిక్‌గ, అంటే కావాల్సిన కోడ్ అంత తమ లోపలనే పెట్టుకొని కట్టిన ప్రోగ్రాములు, చాలా మటుకు గో భాషల రాసినవి, సి లైబ్రరీని అడగనే అడగవు. ఎల్‌డీడీ అన్న కమాండు ఇస్తే అది డైనమిక్ కాదని చెప్తది, అప్పుడు ఆశ వదులుకో. 32 బిట్ ప్రోగ్రాముకు 64 బిట్ లైబ్రరీ అతకదు, ఈఎల్ఎఫ్ క్లాస్ తప్పని తెర మీద పడ్తది. జావా భాషల రాసిన ప్రోగ్రాము తెరుచుకోకుంట బిగుసుకపోతే ఎక్స్‌క్లూడ్ మోనోటోనిక్ ఆప్షన్ ముంగట రెండు గీతలు వెట్టి ఇయ్యి. థ్రెడ్‌లు, అంటే ఒకేసారి నడిచే పనులు, ఎక్కువున్న ప్రోగ్రాముకు మైనస్ ఎం పెట్టు.

అందరూ మోసపోయేది డేటాబేస్ కాడ. తెర మీద ఏప్రిల్ 1 కనవడ్తది, దాచిన బిల్లుల మాత్రం ఇయ్యాల్టి తారీఖు ఉంటది. ఎందుకంటే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అసోంటి డేటాబేస్‌లు వేరేగ నడిచే ప్రాసెస్‌లు, వాటిని నువ్వు ఫేక్‌టైమ్ కింద లేపలేదు. ప్రోగ్రాము తారీఖును తానే పంపుతదా, డేటాబేస్‌నే ఇప్పుడు టైమెంత (నౌ) అని అడుగుతదా ముందు తెలుసుకో. అడిగేదైతే, పరీక్ష కోసం వేరే పోర్టు మీద ఇంకో డేటాబేస్‌ను ఫేక్‌టైమ్ కిందనే లేపాలె. ఫైళ్ల మీద పడే టైము ఎట్లయినా అసలుదే, అది సిస్టమ్ లోపలి గుండె, కర్నెల్ పని.

మిల్లు అసలు డేటా మీద మాత్రం చెయ్యొద్దు బిడ్డా, ఒక్కసారి కూడ వద్దు. ముందు బ్యాకప్ తీసి, దాని నకలు మీదనే నడిపించు. ఆరు నెలల కిందటి తారీఖుతోని ఒక్క బిల్లు ఎక్కినా వరుస నంబరు తప్పుతది, జీఎస్‌టీ రిటర్న్ లెక్క కలువది, దాన్ని సరిచేసుడు పరీక్షకన్న పది రెట్ల పని. ఎల్‌డీ ప్రీలోడ్‌ను, టెర్మినల్ తెరిచినప్పుడల్ల చదివే బ్యాష్ ఆర్‌సీ ఫైలుల కూడ రాసిపెట్టకు, మర్చిపోతవు, రేపటి నుంచి ఆ టెర్మినల్‌ల తెరిచే ప్రతి ప్రోగ్రాముకు దొంగ టైమే.

ఇగ అసలు పరీక్ష: ప్రోగ్రామును ఫేక్‌టైమ్‌తోని మార్చి 31 రాత్రి 11:58కు తెరువు, ఒక బిల్లు కొట్టు. మూయకుంట 12:01 దాక ఆగి ఇంకోటి కొట్టు. తర్వాత మూసి, ఏప్రిల్ 1 తారీఖుతోని తెరిచి మూడోది కొట్టు. తెరిచి ఉంచినప్పుడు నంబరు మారక, మూసి తెరిస్తే మారితే, ప్రోగ్రాము తారీఖును మొదలైనప్పుడే చదువుకొని పెట్టుకుంటున్నదని అర్థం. ఆ మూడు బిల్లుల నంబర్లు, తారీఖులు నాకు రాసి పంపు.

మీ పెద్దనాయిన